జొన్నకు పాసు లేదు

హైదరాబాదులో అడవి ఉందన్న సంగతి నాకు డెబ్బై ఏళ్ళు దగ్గర పడ్డాక తెలిసింది. అది కూడా తగలబడ్డాకే తెలిసింది.

ఆ ఎండాకాలం ఒక పొద్దున పేపర్లో "విశ్వవిద్యాలయం పక్కన అడవిలో మంటలు" అని పెద్దక్షరాల్లో వేశారు. నేను మధురానగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టలు చూసుకుంటాను. ముందు ఇందులోనే వంట చేసేదాన్ని. మోకాళ్ళు అరిగాక ఓనరు నన్ను పొమ్మనలేదు, గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. చదువు యాభై దాటాక వచ్చింది. నేర్పింది ఈ హాస్టలు పిల్లలే. పలక మీద కాదు, అమీర్‌పేట రోడ్డు మీద కోచింగ్ సెంటర్ల బోర్డులు చూపించి నేర్పారు. అందుకే ఇప్పటికీ నేను ఏది చదివినా పెద్దక్షరాలు ముందు, చిన్నక్షరాలు తరువాత. పెద్దక్షరాల్లో అడవి అని ఉంది కదా, ఏ అడవి, ఏం చెట్లు, నిప్పు ఎక్కడ పుట్టింది అని చిన్నక్షరాల్లో వెతికాను. ఏమీ లేదు. మంటలు ఆర్పడానికి సిబ్బంది శ్రమిస్తున్నారట. పేపర్లో సిబ్బంది ఎప్పుడూ శ్రమిస్తూనే ఉంటారు.

టిఫిను తింటున్న పిల్లల్ని అడిగాను. "ఏందే, మన పట్నంల అడవి యాడుంది?"

"ఊరి బయట ఉంది అవ్వా. యూనివర్సిటీ ఎనుక. గుట్టలు, తుప్పలు ఉంటయ్. నెమళ్ళు సుత ఉంటయ్" అంది వరంగల్ పిల్ల.

"గది అడివెట్లయితది? తుప్పలంటే తుప్పలే."

"తుప్పలు కాలినయంటే పేపర్ల ఎవరు జదువుతరు? అడివంటేనే నువ్వు జదివినవ్" అంది ఆ పిల్ల. అందరూ నవ్వారు.

పొగ కనిపిస్తుందేమోనని నలుగురం డాబా ఎక్కాం. పడమటి దిక్కుకు చూస్తే మెట్రో స్తంభాలు, నీళ్ళ ట్యాంకులు, ఒక నగల దుకాణం హోర్డింగు. ఆ హోర్డింగు మీది అమ్మాయి ముక్కుపుడక తప్ప ఏదీ మెరవలేదు. అక్కడెక్కడో కాలుతున్నదాని వాసన కూడా ఇక్కడికి రాలేదు. అయినా నాకు కుతూహలం తీరలేదు. నిప్పు నాకు కొత్త కాదు, నలభై ఏళ్ళు పొయ్యి ముందే ఉన్నాను. కానీ అంత చదువుకున్నవాళ్ళు, పుస్తకాలున్నవాళ్ళు, నిప్పు గోడ దాకా వస్తే ఏం చేస్తారు? అది చూడాలనిపించింది.

నేను పోలేదు. అదే నా దగ్గరికి వచ్చింది.

సాయంత్రం చాయ్ వేళకు గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి ఒక పిల్ల దిగింది. రెండేళ్ళ కింద మా హాస్టల్లోనే ఉండి ప్రవేశ పరీక్షకు చదివి, అదే యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు తెచ్చుకుని వెళ్ళిపోయిన పిల్ల. గోదావరి జిల్లాల వైపుది. వాళ్ళ నాన్నకు బట్టల కొట్టు ఉంది. అప్పట్లో నా వంటకు రోజూ వంకలు పెట్టేది, అందుకే బాగా గుర్తు. జుట్టంతా పొగ కంపు. చేతిలో ఒకటే సంచి.

"మామ్మగారూ, ఒక మంచం ఉందాండీ?"

"మంచం లేదు, చాప ఉంది. నీకు యూనివర్సిటీల రూమిచ్చిన్రు గద?"

"మూసేశారండీ."

"రూమా?"

"యూనివర్సిటీ అండీ. మొత్తం."

"మొత్తం మూసిన్రంటే? దానికేమన్న షట్టరుందా?"

వెక్కిరించాలని అనలేదు, నిజంగానే అడిగాను. మేము చిన్నప్పుడు ఊళ్ళో గడ్డివాములు అంటుకుంటే ఊరంతా బిందెలు పట్టుకుని నిప్పు దగ్గరికి పరుగెత్తేది. ఎవరూ ఊరిని మూసి బయటికి పోలేదు. ఇక్కడ నిప్పు వస్తే మనుషులను బయటికి పంపారు. ఎందుకు పంపారు, ఎట్లా పంపారు, లోపల ఎవరు మిగిలారు, అన్నీ అడిగాను. ఆ పిల్ల చాయ్ తాగుతూ చెప్పింది.

పొద్దున ఫోన్లకు ఒక సందేశం వచ్చిందట: భయపడవలసింది లేదు, క్లాసులు యథావిధిగా జరుగుతాయి అని. పదకొండింటికి గాలి తిరిగి పొగ హాస్టళ్ళ మీదికి వచ్చింది. అప్పుడు రెండో సందేశం: కిటికీలు మూసుకుని గదుల్లోనే ఉండండి. భోజనాలు కాకముందే మూడోది: అందరూ సామాను సర్దుకుని మెస్సు ముందుకు రండి. ఒక్క పూటలో మూడు మాటలు మార్చారని ఆ పిల్లకు కోపం. నాకు మాత్రం తప్పనిపించలేదు. గాలే మూడు దిక్కులు మారితే వాళ్ళ మాట ఒక్కటే ఎట్లా ఉంటుంది?

పిల్లలకంటే ముందు మెస్సులోని గ్యాస్ సిలిండర్లను లారీ ఎక్కించారని కూడా చెప్పింది, అదేదో ఘోరమన్నట్టు. "మనుషులకంటే సిలిండర్లు ఎక్కువాండీ వాళ్ళకి?" అంది.

"వంట చేసినదాన్ని చెప్తున్న, సిలిండరే ముందు. నువ్వు కాలిపోతే ఒక్కదానివే పోతవ్" అన్నాను.

ఫైరింజను వెనక గేటు నుంచి రావలసి వచ్చిందట. ఆ గేటుకు ఏళ్ళ తరబడి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో తాళం వేసినవాళ్ళకే గుర్తులేదు. చివరికి ఒక ప్రొఫెసరు బండరాయితో పగలగొట్టాడట. తాళం తుప్పుపట్టి ఉండబట్టి రెండు దెబ్బలకే ఊడింది. హాస్టలు కుక్కలను వదిలి బస్సెక్కేది లేదని కొందరు మొండికేస్తే, వార్డెను తిట్టి తిట్టి చివరికి కుక్కలను తన కారులోనే ఎక్కించుకుందట. బస్సులు అందరినీ అమీర్‌పేట మెట్రో దగ్గర దింపాయి. ఇక్కడి నుంచి ఎటు పోవాలన్నా దారి ఉంటుందని.

ఇదంతా చెబుతూనే ఉంది, నవ్వుతూనే ఉంది. గ్లాసు కింద పెట్టాక ఒక్కసారిగా ముఖం మోకాళ్ళలో పెట్టుకుని ఏడ్చింది.

"ఏమైందే? రూమ్ల బంగారం ఇడిసి వచ్చినవా?"

"జొన్న అండీ" అంది.

జొన్న కోసం ఏడ్చే గోదావరి పిల్లను నేను అంతకు ముందు చూడలేదు. వాళ్ళ వైపు జొన్న అంటే కోళ్ళకు వేస్తారు. మేము జొన్నరొట్టె, జొన్నగటక తిని పెరిగాం. ఇంకా కుతూహలం పెరిగింది.

ఆ పిల్ల చేసేది ఏమిటంటే: క్యాంపస్ చివర, గుట్టల వైపు, చుట్టూ జాలీ కట్టిన షెడ్డు ఉంది. అందులో పెద్ద పెద్ద కుండీల్లో రకరకాల జొన్న పెంచుతుంది. అన్నీ పొట్టకు వచ్చాయి, అంటే కంకి ఇంకా లోపలే ఉండి బయటికి రాబోయే వేళ. ఇప్పుడు ఎడమవైపు వరుసలకు రోజూ నీళ్ళు పోయాలి. కుడివైపు వరుసలకు అసలు పోయకూడదు, వారం పది రోజులు ఎండనివ్వాలి. తరువాత రెండు వైపులా ఆకులు కోసి, ఏ రకం ఎండకు తట్టుకుంది, ఎందుకు తట్టుకుంది అని చూస్తారట. కుడివైపు నీళ్ళు ఆపి రెండు రోజులే అయింది. ఇంతలో నిప్పు వచ్చింది.

"ఎండబెట్టనీకే పెంచుతవా?" అన్నాను.

"అవునండీ. తడివి తడిగా ఉండాలి, ఎండువి ఎండుగా ఉండాలి. ఇప్పుడు లోపలికి వెళ్ళనివ్వరు. రెండువైపులా ఎండిపోతాయి. ఇంక దేన్ని దేంతో పోల్చను? పోయినేడు పంట అడవిపందులు జాలీ చించి తినేశాయి. ఇది కూడా పోతే ఈ ఏటితో నా ఫెలోషిప్ అయిపోతుంది. మా నాన్నగారి కొట్టులో కూర్చుని చీరలు మడతపెట్టుకోవాలి."

ఆమెకు ఏం పోతుందో నాకు అప్పుడు అర్థమైంది. రెండేళ్ళ పని ఒక షెడ్డులో, ఆ షెడ్డు ఒక మూసిన గేటు లోపల.

మరునాడు యూనివర్సిటీ నుంచి సందేశాల మీద సందేశాలు. అవన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, ఆ పిల్ల చదివి చెప్పేది. క్లాసులు ఫోన్లో జరుగుతాయి. పొగ పీల్చినవాళ్ళు ఫలానా డాక్టరును చూడవచ్చు. మనసు కలత పడినవాళ్ళు ఫలానా నంబరుకు ఫోను చేయవచ్చు. క్యాంపస్‌లోకి ఎవరికీ ప్రవేశం లేదు. పాసులున్న అత్యవసర సిబ్బందికి మాత్రమే ఉంది. కరెంటువాళ్ళు, నీళ్ళవాళ్ళు, సెక్యూరిటీవాళ్ళు, ఎలుకల గది చూసేవాళ్ళు.

"ఎలుకల గదేంది?" అన్నాను.

"ప్రయోగాల కోసం పెంచుతారండీ. వాటికి రోజూ మేత వెయ్యాలి కదా."

మేము వంటింట్లో ఎలుకల కోసం బోను కొని నెల కాలేదు. అక్కడ వాటికి మేత వేసే మనిషికి పాసు ఇచ్చారు. "మరి జొన్నకు?"

"జొన్నకు పాసు లేదు."

"ఎందుకు లేదు?"

"ఏమోనండీ."

"అడిగినవా?"

అడగలేదు. మెయిల్ రాసిందట. దానికి జవాబుగా "మీ సందేశం అందింది" అని యంత్రం రాసిందట. మనిషిని అడగలేదు. వాళ్ళ గైడు మేడమ్‌కు కూడా ఫోను చేయలేదు. ఆమె అత్తగారికి తుంటి ఆపరేషను అయింది, పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో ఉన్నారు, ఇలాంటప్పుడు కుండీల గురించి ఏం చెబుతాం అని మొహమాటం.

"పంజాగుట్టంటే గీడనే గదనే. నడువ్, పోదాం."

"మీరెందుకండీ?"

"నాకు తెలుసుకోవాలని ఉంది. ఎలుకకున్న ఇలువ జొన్నకు ఎందుకు లేదో."

"అవ్వా, నువ్వు సుత పీహెచ్‌డీల చేరుతవా ఏంది?" అంది వరంగల్ పిల్ల, మెట్ల మీద నుంచి.

"సీటిస్తే చేరుత. నువ్వు గేటుకాడ కూసో."

అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే పంజాగుట్ట పక్క స్టేషనే. ఎక్కడానికి, దిగడానికి పట్టినంత సేపు కూడా రైల్లో కూర్చోలేదు. ఆ కూడలిలో రోడ్డు దాటడం మాత్రం ఇప్పటికీ నాకు గండమే. ఫ్లైఓవరు కింద నిలబడి బండ్ల మధ్య సందు కోసం చూస్తుంటే, ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని లాగింది. జొన్న గురించి ఏడ్చే పిల్లకు బస్సులంటే భయం లేదు.

గైడు మేడమ్ ఆసుపత్రి కింద క్యాంటీనులో దొరికింది. నడివయసు మనిషి. కళ్ళ కింద నలుపు, నిన్న కట్టినదే అన్నట్టు నలిగిన చీర. మమ్మల్ని చూసి ముందు ఇడ్లీ చెప్పింది. ఆ తరువాతే "ఏమైంది?" అని అడిగింది. ఆ పిల్ల నేల చూస్తూ "ఏం లేదండీ, పలకరిద్దామని" అని నసిగింది.

"పలకరియ్యనీకి కాదు మేడమ్. జొన్నకు నీళ్ళు లెవ్వు. గది చెప్పనీకి వచ్చింది" అన్నాను.

"మీరు?"

"గీ పిల్లుండే హాస్టలు గేటుకాడ కూసుంట. నాకొక్క సంగతి సమజ్ కాలె. ఎలుకలకు పాసిచ్చిన్రట, జొన్నకు ఎందుకియ్యలె?"

ఆమె కోపగించుకుంటుందేమో అనుకున్నాను. ఆమె ఆలోచించింది. ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని నిజంగానే ఆలోచించింది.

"ఎలుకల గదివాళ్ళు నిప్పు కనబడ్డ గంటలోనే వెళ్ళి అడిగారమ్మా. మేము అడగలేదు. నేను ఇక్కడ ఉన్నాను. ఈ అమ్మాయి ఏమో ఏడుస్తూ కూర్చుంది. అడగనివాళ్ళు ఉన్నారని ఆఫీసుకి ఎలా తెలుస్తుంది?" అంది. తరువాత ఆ పిల్లవైపు తిరిగి, "నీకు మాత్రం పాసు రాదు. ఆశ పెట్టుకోకు. నిన్న ఒకడు లాప్‌టాప్ కోసం గోడ దూకి లోపలికి పోయాడు. పొగలో దారి తప్పాడు. వాడిని వెతకడానికి వెళ్ళిన ఇద్దరికి ఊపిరాడకపోతే ఆసుపత్రిలో చేర్చారు. ఇంక ఎవరినీ పోనివ్వరు. అది సరైన పనే" అంది.

నేను అప్పటిదాకా మూసెయ్యడమంటే పెత్తనం అనుకున్నాను. అది విన్నాక నోరు మూసుకుని ఇడ్లీ తిన్నాను.

ఆమె అక్కడే కూర్చుని ముగ్గురికి ఫోన్లు చేసింది. ఒకరు ఇంకొకరిని అడగమన్నారు, వారు మూడోవారిని అడగమన్నారు. మూడో ఆయన మంచివాడు. షెడ్డు వైపు నిప్పు రాలేదు, అటు దారిలో ఒక సెక్యూరిటీ మనిషి డ్యూటీలో ఉన్నాడు, కొత్తగా ఎవరినీ పంపను గానీ, అతను నీళ్ళు పోస్తే నాకు అభ్యంతరం లేదు అన్నాడు. ఆ పిల్ల ముఖం చూడాలి. ఇడ్లీ రెండు ప్లేట్లు తిన్నది.

హాస్టలుకు వచ్చి ఆ సెక్యూరిటీ మనిషికి ఫోను చేసింది. అందరూ వినేటట్టు స్పీకరు పెట్టింది. పాలమూరు మాట. గొంతు వింటే యాభై దాటినవాడే.

"అన్నా, కుడిపక్క ఎర్ర రిబ్బన్లు కట్టినవి ఉన్నాయి కదా. వాటికి ఒక్క చుక్క కూడా పొయ్యకండి. ఎడమపక్క వాటికి మాత్రం పొద్దున్నే నిండుగా పొయ్యండి."

"సమజైంది మేడమ్. ఎర్రవాటికి ఒద్దు. అవతలివాటికి పొయ్యాలె."

"ఒక్క చుక్క కూడా వద్దన్నా."

"ఒక్క సుక్క సుత పొయ్య. గని మేడమ్, గవేం పాపం జేసినయ్?"

ఆ పిల్ల నవ్వింది. "ఏం పాపం లేదు. ప్రయోగం అన్నా, ప్రయోగం."

"మంచిది మేడమ్" అన్నాడు.

అప్పటి నుంచి రోజూ పొద్దున ఫోను. అతనిది బొత్తాల ఫోను, ఫొటోలు పంపేది కాదు. "పోసిన మేడమ్, మంచిగున్నయ్" అనేవాడు. "ఎర్రవి ఎలా ఉన్నాయి?" అంటే "అవి సుత మంచిగనే ఉన్నయ్" అనేవాడు. ఆ పిల్ల నుదురు ముడిచేది. ఎండేవి మంచిగా ఎట్లా ఉంటాయి? "నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అంటున్నాడేమో మామ్మగారూ" అని తనకు తానే సర్దిచెప్పుకునేది. నేనూ సరే అన్నాను. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ గురించి అడిగితే "మంచిగనే ఉన్నరు" అనడం మా వైపు మర్యాద.

ఆ రోజుల్లో నేను ప్రశ్నలతో ఆ పిల్ల ప్రాణం తీశాను. నిప్పు ఎక్కడ పుట్టింది? ఒకరు సిగరెట్టు అన్నారట, ఒకరు చెత్త కాల్చారన్నారట, ఒకరు కరెంటు తీగలన్నారట. కమిటీ వేశారు. నిప్పు ఎట్లా ఆగింది? గుట్టమీది బండల దాకా వచ్చి, తినడానికి గడ్డి లేక ఆగింది. ఫైరింజన్లు గోడ వెంట తడిపి లోపలికి రాకుండా కాపాడాయి. నెమళ్ళు ఏమయ్యాయి? కొన్ని ప్రొఫెసర్ల ఇళ్ళ డాబాల మీదికి వచ్చి కూర్చున్నాయట. ఏ ప్రశ్నకైనా తెలియకపోతే "రేపు కనుక్కుని చెప్తానండీ" అనేది, కనుక్కునేది. బయట జనానికి తెలియకపోయినా, లోపలివాళ్ళు రోజూ సాయంత్రం గాలి ఎటు ఉంది, ఎంత కాలింది, రేపు ఏం చేస్తారు అని రాసి పంపేవారు. మొదటిరోజు తడబడ్డారు. నాలుగోరోజుకు చేతికి పని వచ్చింది. వంట కూడా అంతే.

గేట్లు తెరుస్తామని చెప్పిన పొద్దున నేనూ సంచి పట్టుకుని బయలుదేరాను. "మీరెందుకండీ, ఎండ" అంది. "అడివి జూడాలె" అన్నాను.

ముందు గేటు దగ్గర పేరు రాసుకుని, మాస్కులు ఇచ్చి, ఎటు పోకూడదో చెప్పి పంపారు. నడుస్తుంటే గోడ అవతల గుట్ట కనిపించింది. కట్టెలపొయ్యి మీద ఏళ్ళ తరబడి పెట్టిన కుండ అడుగులా ఉంది. సీతాఫలం తుప్పలు నల్లటి పుల్లలై నిలబడ్డాయి. బండలు మాత్రం ఎప్పటిలా ఉన్నాయి. అది అడవో కాదో నేను ఇప్పటికీ చెప్పలేను. కానీ తుప్పలంటే తుప్పలే అని అన్న మాట ఇంకోసారి అనబుద్ధి కాలేదు.

షెడ్డు కనపడగానే ఆ పిల్ల పరుగెత్తింది. తలుపు తీసి లోపలికి పోయింది. కాసేపటికి నేను చేరుకున్నాను. ఆ పిల్ల వరుసల మధ్య నిలబడి ఉంది.

ఎడమవైపు పచ్చగా ఉంది. కుడివైపు కూడా పచ్చగా ఉంది. ఎర్ర రిబ్బన్ల పైన కంకులు తలలు బయటపెట్టాయి. నా కళ్ళకు అది పండగలా ఉంది. ఆ పిల్ల ముఖం చూస్తే చావుకబురు విన్నట్టు ఉంది. ఒక ఆకు పట్టుకుంది, కుండీలో వేలు గుచ్చింది. తడి మన్ను వేలికి అంటుకుంది.

అప్పుడు సెక్యూరిటీ మనిషి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, యూనిఫారం భుజాల మీద వేలాడుతోంది. నవ్వుతూ వచ్చాడు.

"వచ్చిన్రా మేడమ్? చూడున్రి, ఒక్కటి సుత ఎండనియ్యలె."

"మీకు చెప్పాను కదండీ" అంది ఆ పిల్ల. "ఎన్నిసార్లు చెప్పాను? ఎర్రవాటికి వద్దు అని చెప్పాను కదా!"

అతని నవ్వు పోయింది. నాకేసి చూశాడు, నేనేదో సర్దిచెబుతానని. నాకు సర్దిచెప్పడం రాదు.

"తమ్మీ, పిల్ల రెండేండ్ల పని పోయింది. నువ్వు నీళ్ళు పోసుడుతోనే పోయింది" అన్నాను.

"నీళ్ళు పోస్తే పోవుడేంది పెద్దమ్మా?"

"అవి ఎండాలె. ఎండితేనే ఆమెకు లెక్క. నీకు సమజ్ కాలేదా?"

"సమజైంది" అన్నాడు. "మొదలు రెండు దినాలు పొయ్యలె. మేడమ్ చెప్పినట్లే చేసిన. మూడోనాడు పగటీలి ఎండకు ఆకులన్ని బీడీల లెక్క సుట్టుకున్నయ్. పొట్టల కంకి ఉంది. అవతలి పక్కకు పోస్తుంటే నీళ్ళ సప్పుడు వీటికి ఇనబడుతది గద? చెయ్యి ఆగలె. గట్ల ఎండబెట్టుడు నాతోని కాలె."

"మరి ఫోన్లో పోశానని ఎందుకు చెప్పలేదండీ?"

"అడిగిన్రు, మంచిగున్నయన్న. అబద్ధం చెప్పలె."

ఆ పిల్ల బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. నేను ఆమెను చూడాలా, అతన్ని చూడాలా తెలియక కంకులను చూశాను. అతనే అడిగాడు.

"నాకు ఒక్కటి చెప్పున్రి మేడమ్. ఎందుకు ఎండబెడతరు?"

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. ముందు విసుగ్గానే మొదలుపెట్టింది. వానలు మొహం చాటేసిన ఏడు ఏ జొన్న బతుకుతుంది, ఏది చస్తుంది, బతికినదానిలో ఏముంది, అది తెలిస్తే రేపు రైతుకు ఏ విత్తనం ఇవ్వాలో చెప్పవచ్చు అని. చెబుతూ చెబుతూ లేచి నిలబడింది, ఆకు పట్టుకుని చూపించింది. అతను నడుము వంచి చూశాడు. నేనూ చూశాను. అన్ని రోజులు మా హాస్టల్లో అన్ని ప్రశ్నలు అడిగాను గానీ, ఆకును చేత్తో పట్టుకుని చూడలేదు.

"మా చేను ఎండిన ఏడు ఎవ్వరు జూడనీకి రాలె" అన్నాడు అతను. "గప్పుడే ఇడిసిపెట్టి పట్నం వచ్చిన. ఎండినదాన్ని సుత జూసి రాసుకునేటోళ్ళు ఉంటరని నాకు తెల్వదు."



గైడు మేడమ్‌కు అక్కడి నుంచే ఫోను చేశాం. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసిందట. అంతా విని, తిట్టలేదు. మూసివేత వల్ల పని చెడినవాళ్ళకు యూనివర్సిటీ ఫెలోషిప్ గడువు ఆరు నెలలు పెంచుతుందని, అందుకు దరఖాస్తు పెట్టమని, విత్తనం ఇంకా ఉందా అని అడిగింది. ఉంది. "మళ్ళీ విత్తు" అంది.

"ఏమని రాస్తవ్?" అని అడిగాను. ఆ మనిషి ఉద్యోగం కాంట్రాక్టుది. అది పోవడానికి ఒక్క వాక్యం చాలు.

"క్యాంపస్ మూసినందువల్ల నేను నీళ్ళు దగ్గరుండి చూసుకోలేకపోయాను, ప్రయోగం చెడింది అని రాస్తానండీ. నిజమే కదా?"

నిజమే. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా బొంకు దొరకలేదు.

కుండీలు ఖాళీ చేయాలి, మన్ను మార్చాలి. అతను చొక్కా చేతులు మడిచి, ఎవరూ అడగకుండానే మొదటి కుండీ ఎత్తాడు. పచ్చటి మొక్కను వేళ్ళతో సహా పీకవలసి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగాడు. ఆ పిల్లే పీకింది. ఇద్దరూ వరుస చివరి దాకా వెళ్ళారు. అక్కడ అతను నడుము మీద చెయ్యి పెట్టుకుని అన్నాడు:

"మేడమ్, ఒక మాట. మళ్ల గిట్ల ఎండబెట్టే దినాలు వస్తయి గద. గప్పుడు నన్ను గీడ పెట్టొద్దని మా సూపర్వైజర్‌కు చెప్పున్రి. ముందుగేటు కాడ పెట్టుమనున్రి. కనబడకుంటే ఏం జెయ్య. కనబడితే మాత్రం నా మీద భరోసా పెట్టుకోకున్రి."

ఆ పిల్ల చేతిలోని మొక్కను కింద పెట్టింది. చేతుల మన్ను దులుపుకుంది. తరువాత ఫోను తీసి, సూపర్వైజరు నంబరు ఎంత అని అతన్నే అడిగింది.